బాచానా పేరిట పాతిన కాగు

వేలిస్పిరి,
మే 28, 2000

లమారక్కా,

నువ్వు పంపిన మందులు, బాచానా బూట్లు చేరాయి. బూట్లు అప్పుడే బిగుతు. నువ్వు వదిలి వెళ్ళినప్పటి పాదాలనే ఇంకా మనసులో కొలుచుకుంటున్నావు. ఇప్పుడు నీ కొడుకు గుమ్మంలోంచి వంగి రావాలి. వంగడం మరిచిపోయి నుదురు కొట్టుకుంటాడు, తిట్లు మాత్రం గుమ్మానికి పడతాయి.

ఫోను తీగ మళ్ళీ కోసుకుపోయారు. ఈసారి స్తంభాలు కూడా మిగల్చలేదు, ఎవరింటి పొయ్యిలోకో పోయాయి. అంచేత ఫోన్ కోసం ఎదురుచూడకు. ఉత్తరాలకైనా మూటలకైనా గ్రీసుకు వచ్చిపోయే గురామ్ బస్సే మనకు దిక్కు.

అసలు కబురు ఇది. రాజధాని తిబిలీసి నుంచి ఒక కంపెనీ పెద్దమనిషి వచ్చాడు. విదేశీయులను బస్సెక్కించి, పాత రాజుల ద్రాక్షతోటలూ కోటల ఉద్యానవనాలూ తిప్పి, దారి పొడుగునా వైన్ రుచి చూపిస్తారట. మన కోట కూడా వాళ్ళ పటంలో ఉంది. తోటలో తిప్పి కథలు చెప్పడం నా పని. మన కోట సంగతి నీకు తెలుసుగా, పైకప్పు కారి రాణిగారి పియానోలో పిల్లి ఈనింది. అయినా ఉద్యానవనం మాత్రం బాగుంది. కంచె మొక్కలు నేనూ బాచానా కలిసి కత్తిరించాం. దేవదారుల కింద బల్లలు కడిగాం. గోడ అవతల రాజుగారి ద్రాక్షతోటలో పాత మోళ్ళు ఇంకా చిగురిస్తున్నాయి. విదేశీయులు వాటిని తాకి చూసి మురిసిపోతారని కంపెనీ ఆయన ధీమా.

చిక్కల్లా భోజనం దగ్గర వచ్చింది. కోట నేలమాళిగలో వైన్ పోసి పాతిన మనిషి లోతు కాగులన్నీ పగిలిపోయాయి. తోట వెనక గోడకు ఆనుకునే మన ఇల్లుంది గనక భోజనాలు మన పెరట్లో పెట్టమన్నాడు. సరేనన్నాను. ఆ తర్వాత, వాళ్ళ కళ్ళ ముందే భూమిలో ఉన్న కాగు మూత తీయాలి, మట్టి ముద్ర పగలగొట్టాలి, అది చూడ్డానికే వస్తున్నారు అన్నాడు. మన కాగులన్నీ ఈస్టర్‌కే ఖాళీ అయ్యాయి. నిండుగా ఉన్నది ఒక్కటే, బాచానాది. ఆయన పట్నంవాడు, అర్థం కాలేదు. కొడుకు పుట్టిన ఏడు పాతిపెట్టి వాడి పెళ్ళినాడు తెరిచే కాగయ్యా అది, ఆ పెళ్ళి చూసే రాత లేకపోతే వాడి శవం లేచిన రోజు తెరుస్తారు, ఈ రెండూ తప్ప మూడో రోజు దానికి లేదు అని చెప్పాను. ఆయన గొణుక్కుంటూ వెళ్ళాడు. పక్కింటి నుంచి చిన్న కాగేదైనా అడుగుతాను.

ఉత్తరాన కనుమ వైపు నుంచి ఎవరో వచ్చి మనుషుల్ని ఎత్తుకుపోతున్నారని ఊళ్ళో గుసగుసలు. విదేశీయుడైతే మరీ మంచిదట వాళ్ళకు. నాకు లోపల దడగానే ఉంది. కానీ కోట దగ్గర కాపలావాడు ఉన్నాడు, తుపాకీ కూడా ఉంది, తూటాలున్నాయో లేదో వాడికే తెలియాలి.

జాగ్రత్త అక్కా. నువ్వు చూసుకునే ఆ గ్రీకు ముసలమ్మ నిన్ను తిడితే నువ్వు మన భాషలో తిట్టు, ఎలాగూ ఆవిడకు చెవుడు కదా.

నీ మక్వాలా

*

థెస్సలొనీకి,
జూన్ 6

మక్వాలా,

నీ ఉత్తరం చదివి వంట మాడబెట్టాను. మా ముసలమ్మ కిరియా ఎవ్డోకియాకు వినపడకపోవచ్చు గానీ వాసన బాగా తెలుస్తుంది. ఇల్లంతా వెతికి నా దగ్గరకొచ్చి ముక్కు చూపించింది.

ముందు ఒక మాట. బాచానా కాగు జోలికి వెళ్ళకు. పక్కింటి కాగు తెస్తావో, కొట్లోంచి సీసాలు తెస్తావో నీ ఇష్టం. ఆ మట్టి మీద మీ బావ అరచెయ్యి అచ్చు ఉంది. ఇల్లరికం వచ్చాడని ఊరంతా వెక్కిరించిన మనిషి. కొడుకు పుట్టిన రోజు మాత్రం తలెత్తుకుని ఆ మట్టి మీద చెయ్యి నొక్కాడు. ఆయన పోయాక ఆ అచ్చు ఒక్కటే మిగిలింది నాకు.

రెండోది, ఆ యాత్రల పని మానెయ్. కనుమ సంగతి ఇక్కడ చౌకులో మన ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆదివారం కూర్చుంటే అవే కబుర్లు. నువ్వు రెండు వాక్యాలు రాశావంటే, రాయనివి ఎన్ని ఉన్నాయోనని నాకు భయం. నీ చేతి రాత నేను మామూలుగా చదవడం మానేసి చాలాకాలమైంది మక్వాలా. అమ్మ పోయాక కూడా 'అమ్మ నిన్ను అడిగింది, అమ్మ దీవెనలు చెప్పమంది' అని చలికాలమంతా రాశావు. నేను ఇక్కడ ఆవిడ కోసం మోకాళ్ళ పట్టీలు కొన్నాను. కాగితాలు లేనిదాన్ని, వస్తే మళ్ళీ వెళ్ళలేను, అందుకే దాచానన్నావు. మన దగ్గర అందరూ అలాగే దాస్తారు, తెలుసు. నీ మంచి మనసూ తెలుసు. కానీ ఆ చలికాలం నన్ను పాడుచేసింది. 'అంతా బాగుంది' అని నువ్వు రాసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు చల్లబడుతుంది.

ఈసారి బాచానాను నాలుగు ముక్కలు రాయమను. తప్పులున్నా ఫరవాలేదు.

లమారా

*

వేలిస్పిరి,
జూన్ 16

అక్కా,

అంతా బాగుంది. అలా రాయొద్దన్నావు, మరి బాగున్నప్పుడు ఏమని రాయను.

విదేశీయులు వచ్చారు, ఉద్యానవనం చూశారు, రాజుగారి తోటలో మోళ్ళను తాకారు, తిన్నారు, తాగారు, వెళ్ళారు. మెచ్చుకున్నారు. ఎండగా ఉంది. చెర్రీలు బాగా కాశాయి.

బాచానా కొండ మీదకు, బాబాయి గొర్రెల మంద దగ్గరికి వెళ్ళాడు. వేసవంతా అక్కడే ఉంటాడేమో. హడావుడిగా వెళ్ళడంతో ఉత్తరం రాయలేదు. పైన కాగితం, కలం ఎక్కడివి. వాడి గురించి బెంగ పెట్టుకోకు.

నీ మక్వాలా

*

థెస్సలొనీకి,
జూన్ 27

మక్వాలా,

నిన్న గురామ్ బస్సు వచ్చింది. నేను మూట అందుకుని, ఎప్పటిలాగే మావాడు ఎలా ఉన్నాడు అని అడిగాను. గురామ్ నా మొహం చూడలేదు. టైరు చూశాడు. 'నీ చెల్లెలు రాసింది కదా' అన్నాడు.

నేను బస్సు తలుపు పట్టుకుని నిలబడ్డాను. వెనక ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు వాళ్ళ మూటల కోసం అరుస్తున్నారు. వదలలేదు. చివరికి చెప్పాడు. మీ పెరట్లో కాగు తెరిచి ఉంది, రాతి మూత గోడకు ఆనించి ఉంది, ముద్ర మట్టి పెళ్ళలు పక్కనే పోగు పెట్టి ఉన్నాయి, ముందు రోజుల్లో ఆ ఇంట్లో బల్లలు వేశారట, చాలామంది మగవాళ్ళు వచ్చి తాగారట, ముసలమ్మలు నల్లబట్టల్లో వడ్డించారట. ఎందుకని అడిగితే ఊళ్ళో ఒక్కరూ నోరు విప్పలేదట. 'మక్వాలాను అడుగు, మేం చెప్పకూడదు' అన్నారట. వాడి భార్య కూడా వాడికి చెప్పలేదు. ఇంత చెప్పి, నువ్వు భోజనం చేశావా అక్కా అని అడిగాడు. ఎప్పుడూ అడగనివాడు అలా అడిగాడు.

పెళ్ళి అయితే నాకు కబురు రాదా? ఊరు దాస్తుందా? ఇంకేముంది మిగిలింది చెప్పు. ఆ కాగుకు రెండే రోజులున్నాయని నీ చేత్తో నువ్వే రాశావు.

నిన్నటి నుంచి గొంతులోకి నీళ్ళు తప్ప ఏదీ దిగడం లేదు. కిరియా నా చుట్టూ తిరుగుతూ తన దిండు తెచ్చి నా వెనక పెడుతోంది. ఎనభై ఆరేళ్ళ మనిషి నాకు సేవ చేస్తోంది.

నువ్వు నన్ను కాపాడకు. నిజం రాయి. నా బిడ్డ బతికి ఉన్నాడా?

లమారా

*

వేలిస్పిరి,
జూలై 6

అక్కా,

బాచానా బతికే ఉన్నాడు. దేవుడి మీద ఒట్టు, అమ్మ సమాధి మీద ఒట్టు. నిన్ను భయపెట్టకూడదని దాచాను, దాచి ఇంకా పెద్ద భయం పెట్టాను. ఇప్పుడు ఏదీ వదలకుండా రాస్తాను.

ఆరోజు పదిమంది వచ్చారు, ఎక్కువమంది జర్మన్లు. అందులో ఒక పెద్దాయన చెట్ల పండితుడు, ప్రతి చెట్టు ముందూ టోపీ తీసేవాడు. వాళ్ళ మాట మనకు, మన మాట వాళ్ళకు చెప్పడానికి తిబిలీసి నుంచి కేతెవాన్ అనే పిల్ల వచ్చింది. దేవదారుల దగ్గర నేను రాణిగారి కథ చెబుతుండగా కింది గేటు దగ్గర నంబరు పలక లేని కారు ఆగింది. నలుగురు దిగారు. తుపాకులు దాచుకోవాలని కూడా చూడలేదు. మన కాపలావాడు ఏడని చూశాను. వాడి టోపీ బెంచీ మీద ఉంది, వాడు లేడు.

కథ మాత్రం ఆపలేదు. ఆపితే జర్మన్లు పరిగెత్తుతారు, పరిగెత్తితే తుపాకులవాళ్ళు పట్టుకుంటారు. 'ఇక రాజుగారి ద్రాక్షతోట చూద్దాం' అని నవ్వుతూ చెప్పి సాళ్ళ మధ్య నుంచి మన పెరటి తలుపు వైపు నడిపించాను. ఆ పెద్దాయన ప్రతి మోడు దగ్గరా ఆగిపోతుంటే చెయ్యి పట్టి లాక్కుపోయాను. వెనక ఆ నలుగురూ తీరిగ్గా వస్తున్నారు. ఎక్కడికి పోతారులే అన్నట్టు.

పెరట్లోకి వచ్చాక తలుపు వేసినా లాభం లేదని తెలుసు. ఆ తలుపు మేక తోసినా పడుతుంది. బల్లలు వేసి ఉన్నాయి, రొట్టె, జున్ను, మాంసం అన్నీ పెట్టి ఉన్నాయి. అవి చూడగానే నాకు ఆ ఆలోచన వచ్చింది. మన దగ్గర ఎంత చెడ్డవాడైనా పెళ్ళి బల్ల దగ్గర తాగి, అదే బల్ల దగ్గరి చుట్టం మీద చెయ్యి వెయ్యడు. వేస్తే వాడి ఇంట్లోవాళ్ళే వాడిని గడప తొక్కనివ్వరు. నేను బాచానాతో, 'మీ నాన్న తెల్లచొక్కా తొడుక్కో, నీకు పెళ్ళి' అన్నాను. వాడు నా మొహం చూసి ఒక్క ప్రశ్న వెయ్యలేదక్కా. కేతెవాన్ తల మీద బల్లగుడ్డ కప్పాను. ఆ పిల్ల గుడ్డ కిందినుంచే జర్మన్లకు చెప్పింది, మీరు పెళ్ళికూతురి నాన్నగారి స్నేహితులు, నవ్వండి అని. పక్కింటి ముసలమ్మలు గోడ మీంచి చూసి, ఎవరూ చెప్పకుండానే వచ్చి వడ్డనకు నిలబడ్డారు. మెదియా అత్త అయితే పాట కూడా ఎత్తుకుంది.

కానీ పెళ్ళి అని నోటితో చెబితే ఎవడు నమ్ముతాడు. అందుకే పార తీసుకుని బావ అరచేతి మీద కొట్టాను. ఒక్క దెబ్బకు పగల్లేదు. నన్ను క్షమించు.

ఆ నలుగురిలో పెద్దవాడి పేరు జుంబేర్. వాడు తలుపు దగ్గరకు వచ్చేసరికి మూత తీసి ఉంది, వాసన పెరడంతా కమ్మింది. వైన్ తాగే కొమ్ము నిండా ముంచి ఎదురెళ్ళి ఇచ్చాను. 'వేళకు వచ్చారు, మా అబ్బాయి కాగు ఇప్పుడే తెరిచాం' అన్నాను. వాడు కాగు చూశాడు, పగిలిన మట్టి చూశాడు. తర్వాత తుపాకీ మల్బరీ చెట్టుకు ఆనించి కొమ్ము అందుకున్నాడు.

'పూజారి ఏడీ?' అన్నాడు.

'పొద్దున్నే తెలావి చర్చిలో పెళ్ళికిరీటాలు పెట్టించాం' అన్నాను.

'అబ్బాయి తల్లి ఏదీ?'

'గ్రీసులో ఉంది. ముసలమ్మలకు సేవ చేస్తోంది. రాలేదు, కాగితాలు లేవు.'

వాడు కొమ్ము ఖాళీ చేసి, 'మా అమ్మ కూడా అక్కడే' అన్నాడు. తర్వాత బాచానా భుజం మీద చెయ్యేసి, 'తల్లి లేని పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకును నేను' అన్నాడు. ఎవరు కాదంటారు. వాడే విందుపెద్ద అయ్యాడు, పోయినవాళ్ళకు ఒకటి, దూరాన ఉన్న తల్లులకు ఒకటి అని గ్లాసులెత్తించాడు. దూరాన ఉన్న తల్లుల దగ్గర వాడు చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. నాకు జాలేసింది, ఆ జాలి చూసి నా మీద నాకే భయమేసింది. పొద్దుగూకే ముందు జర్మన్లందరినీ ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయారు. వెళ్తూ, 'ఇక మనం చుట్టాలం. కోడలి కడుపు పండితే మొదట నాకే చెప్పాలి' అన్నాడు.

అదీ నా భయం. తోడుపెళ్ళికొడుకంటే రక్తసంబంధంతో సమానం. అది బూటకమని తెలిస్తే వాడు ఊరుకోడు. పిల్లేమో మర్నాడే తిబిలీసి వెళ్ళిపోయింది. అందుకే బాచానాను కొండ మీదకు పంపాను, ఊరందరి చేతా ఒట్టు వేయించాను. గురామ్‌కు ఎవరూ చెప్పకపోవడం అందుకే. నల్లబట్టలంటావా, మన ముసలమ్మలు పెళ్ళికి మాత్రం ఎర్రబట్టలు కడతారా?

అన్నం తిను అక్కా.

మక్వాలా

*

థెస్సలొనీకి,
జూలై 15

మక్వాలా,

చదివాను. మూడుసార్లు చదివాను. చౌకులో మన వాళ్ళకు కూడా చదివి వినిపించాను. కొందరు నవ్వారు, కొందరు ఏడ్చారు. ఒక్కరు కూడా నా కళ్ళలోకి చూసి 'ఇది నిజమే' అనలేదు.

నీకు కథలు చెప్పడం వచ్చు. పిల్లి ఈనిన కోటలో నిలబెట్టి రాణులను చూపించగలవు. తుపాకులవాళ్ళు వస్తారు, బల్లగుడ్డ కప్పుకున్న పెళ్ళికూతురు వస్తుంది, దొంగ ఏడుస్తాడు, అందరూ ముద్దులు పెట్టుకుని వెళ్ళిపోతారు. ఇంత అందంగా మన ఊళ్ళో ఏదీ జరగదు మక్వాలా. అమ్మ గురించి కూడా ఇలాగే రాశావు. పెరట్లో కోడి తప్పిపోతే అమ్మ కర్ర పుచ్చుకుని రాజుగారి తోటంతా వెతికిందని రాశావు. నేను నవ్వాను. అప్పటికి ఆవిడ మట్టిలో ఉంది.

తుపాకులు వచ్చిన మాట నమ్ముతున్నాను. కాగు తెరిచిన మాట నమ్ముతున్నాను. ఆ తర్వాత నువ్వు రాసింది, జరగాల్సిందేమో. జరిగింది కాదేమో. వాడు అడ్డంపడి ఉంటాడు. నా కొడుకు సంగతి నాకు తెలియదా, విదేశీయుడి మీద చెయ్యి పడితే అడ్డంపడకుండా ఉంటాడా?

వాడి చేతిరాత పంపకు. ఫొటో పంపకు. అప్పుడు అమ్మ అల్లిన మేజోళ్ళు పంపావు, అమ్మ బతికుందని నేను నమ్మడానికి. అవి ఆవిడ ముందెప్పుడో అల్లినవి. నీ సాక్ష్యాలకు నేను భయపడుతున్నాను.

నేను వస్తున్నాను. 24న బయలుదేరే బస్సులో చోటు చెప్పాను. సరిహద్దులో పోలీసులు పాస్‌పోర్టు మీద ముద్ర కొడతారు, అయిదేళ్ళు మళ్ళీ రానివ్వరు. కొట్టుకోనీ. కిరియాను కవాలాలో ఉన్న కూతురింటికి పంపి ఇంటికి తాళం వేస్తాను. నేను పెట్టె సర్దుతుంటే ఆవిడ పక్కన కూర్చుని నా గౌన్లు మళ్ళీ బయటికి తీస్తోంది.

లమారా

*

వేలిస్పిరి,
జూలై 24

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. బస్సు పర్వతాల్లో చెడిపోయి ఇన్నాళ్ళు పట్టిందట. నువ్వు ఈపాటికి బస్సెక్కేసి ఉంటావు. ఈ ఉత్తరం దారిలో ట్రాబ్జోన్‌లో మన బస్సులు ఆగే టీ కొట్టు నూరియే ఆంటీకి పంపుతున్నాను. గ్రీసు నుంచి వచ్చే ప్రతి బస్సులోనూ లమారా అని పిలవమని చెప్పించాను.

బాచానా నీ దగ్గరికే వస్తున్నాడు. నిన్ననే బస్సెక్కించాను.

ఆ జర్మన్ పెద్దాయన ఆరోజే నా చేతులు పట్టుకున్నాడు, నీ అక్క కొడుక్కి ఏం కావాలో చెప్పమన్నాడు. వాడి పాస్‌పోర్టు తీసుకుని తానే తిబిలీసిలో వాళ్ళ దేశపు కార్యాలయానికి వెళ్ళి గ్రీసుకూ చెల్లే వీసా పెట్టించాడు. వస్తుందో రాదోనని నీకు రాయలేదు. అది అందుకోవడానికి బాచానా కొండ దిగి వచ్చాడు. వచ్చిన సాయంత్రమే జుంబేర్ వచ్చాడు, చేతుల్లో గొర్రెపిల్ల, కోడలికి శాలువా.

కారు చప్పుడు వినగానే బాచానాను ఎక్కడ దాచాలో తోచలేదు. ఇంట్లో అయితే ప్రతి గదిలోకీ వస్తాడు, చుట్టం కదా. కాగు కడిగి ఆరబెట్టి ఉంది. వాడు అందులోకి దిగాడు, నేను రాతి మూత పెట్టి సందు మాత్రం వదిలాను. జుంబేర్ నేరుగా అక్కడికే వచ్చాడు. మిగిలిన వైన్ ఒక చుక్క పొయ్యమన్నాడు. అయిపోయింది, కడిగేశాం అన్నాను. అయితే కూర్చుంటానని ఆ మూత మీదే కూర్చున్నాడు. సిగరెట్ వెలిగించాడు. నేను నిలబడి మాట్లాడుతున్నాను, ఏం మాట్లాడానో నాకే తెలియదు. వాడి బరువుకు ఆ సందు మూసుకుపోయిందా లేదా, అదొక్కటే నా బుర్రలో ఉంది. కిందినుంచి దగ్గు వినపడితే చాలు.

'జంట ఏరీ?' అన్నాడు.

'గ్రీసు వెళ్ళారు, తల్లి దీవెన తీసుకోవడానికి' అన్నాను.

వాడి మొహం వెలిగిపోయింది. అలాగే చెయ్యాలి అన్నాడు. మా అమ్మ దగ్గరికి కూడా వెళ్ళమని చెప్పు, అడ్రసు ఇస్తానన్నాడు. సిగరెట్ పూర్తిగా కాల్చి లేచాడు. వాడి కారు మలుపు తిరిగాక మూత తీశాను. బాచానా తెల్లగా పాలిపోయి ఉన్నాడు. చెయ్యిచ్చి లాగితే బయటికొచ్చి గడ్డి మీద పడుకుని చాలాసేపు ఆకాశం చూశాడు. మర్నాడే పంపేశాను.

ఇప్పుడు ఆలోచించు. నేను జుంబేర్‌కు చెప్పిన అబద్ధమంతా నువ్వు గ్రీసులో ఉన్నావన్న మాట మీద నిలబడి ఉంది. నువ్వు ఊళ్ళో కనబడితే, తల్లి ఇక్కడుంటే జంట ఎక్కడికి వెళ్ళిందని అడుగుతాడు. ఇక రెండు రోజులకోసారి వస్తానని చెప్పి వెళ్ళాడు. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

రావద్దు. ఎక్కడున్నావో అక్కడే ఆగిపో.

మక్వాలా

*

ట్రాబ్జోన్,
జూలై 27

మక్వాలా,

నూరియే నా పేరు పిలిచినప్పుడు ఎవరో చచ్చిపోయారని చెప్పడానికే పిలిచిందనుకున్నాను. ఉత్తరం ఇచ్చి పక్కనే నిలబడింది, పడిపోతే పట్టుకోవడానికి.

బస్సు వెళ్ళిపోయింది. నేను ఆమె కొట్లో కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం ఇదే బల్ల మీద ఉంది.

నా కొడుకుని భూమిలోకి దించి పైన రాతి మూత పెట్టానని రాశావు. తర్వాత తీశానన్నావు. మొదటి సగం చదివి కేక పెట్టాను, కొట్లో అందరూ తిరిగి చూశారు. ఆ సగం నేను నమ్మాను. రెండో సగం నమ్మడానికి నిన్నటి నుంచి కష్టపడుతున్నాను.

నన్ను ఆపాలంటే నువ్వు ఇంతకంటే మంచి అబద్ధం ఆడలేవు. వాడు ఇక్కడ లేడు, అక్కడున్నాడు, నువ్వు రాకు. చచ్చిపోయినవాడి గురించి కూడా సరిగ్గా ఇవే మాటలు రాస్తారు. అలాగని ఇది నిజమైతే కూడా ఇంకోలా రాయలేవు. ఎంత తిప్పి చూసినా ఒకేలా ఉంది.

పోస్టాఫీసుకు వెళ్ళి థెస్సలొనీకి ఫోన్ చేశాను. తాళం వేసిన ఇంట్లో అది మోగుతూనే ఉంది. వాడు ఆ గుమ్మం ముందే నిలబడి ఆ మోత వింటున్నాడేమో అనిపించింది. మళ్ళీ చేశాను. ఆదివారం చౌకులోకి వెళితే మన ఆడవాళ్ళు చేరదీస్తారు, వెళ్ళాలని వాడికి తోచాలి.

నూరియేను అడిగాను, మన కుర్రాడెవడైనా గ్రీసు వెళ్ళే బస్సు దిగాడా అని. దిగాడు, మూడు గిన్నెల సూపు తాగాడు, వెళ్తూ గుమ్మానికి తల కొట్టుకున్నాడు అంది. ఎలా ఉన్నాడు అన్నాను. మీ కుర్రాళ్ళందరూ ఒకేలా ఉంటారు, సగం మంది ఈ గుమ్మానికి తల కొట్టుకుంటారు అంది. నేను ఆ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

గ్రీసు వాళ్ళు ముద్ర కొట్టేశారు. వెనక్కి వెళ్ళే దారి లేదు. నా బిడ్డ బతికి ఉంటే, నేను అడుగుపెట్టలేని ఊళ్ళో ఉన్నాడు. చనిపోయి ఉంటే మన ఊళ్ళో ఉన్నాడు. అందుకని ఏం చెయ్యాలో తేల్చుకున్నాను, జాగ్రత్తగా చదువు.

నేను ఊరికి వస్తాను. రాకుండా ఉండలేను, నా వల్ల కాదు. కానీ మన వీధిలోకి రాను. మన ముసలమ్మల్లాగే నల్లబట్ట తల నిండా కప్పుకుని, పట్టపగలే, కింది దారిన సమాధుల దగ్గరికి వెళతాను. అలాంటి ఆడదాన్ని ఎవరూ తిరిగి చూడరు. అమ్మ పక్కన, మీ బావ పక్కన కొత్త మట్టి ఏదైనా ఉందేమో చూస్తాను. అక్కడ లేకపోతే చివరి వరుస దాకా ప్రతి సమాధి మట్టీ చూస్తాను.

ఉంటే, నేరుగా ఇంటికొచ్చి తలుపు తడతాను. జుంబేర్ ఉన్నా సరే, ఎవడున్నా సరే.

లేకపోతే, నిన్ను చూడకుండానే వెళ్ళిపోతాను. నువ్వు ఆ గోడ అవతలే ఉన్నావని తెలిసీ వెళ్ళిపోతాను. సరిహద్దు పక్క బతూమిలో, మనకు తెలిసిన నానూలి అక్క ఇంట్లో ఉంటాను, ఉత్తరాలు అక్కడికి రాయి, మళ్ళీ ఎప్పుడూ నిన్ను సాక్ష్యం అడగను.

నువ్వు బయటికి రాకు. నా కోసం గేటు దగ్గర నిలబడకు. ఇంట్లో కూర్చుని, నీ తలుపు తట్టకుండా వెళ్ళిపోయే అదృష్టం నాకు ఇమ్మని దేవుణ్ణి అడుగు.

అక్క